నెల చూసి పార్వతమ్మ మొహం

పలాసలో ఉదయం ఆరుంబావుకి రైలెక్కాను. ఆ రోజు మార్గశిర శుద్ధ పాడ్యమి. అమావాస్య నాడు గడప దాటొద్దని మావారు, పాడ్యమి మాత్రం ఏం బాగుందని మా అత్తగారు. రిజర్వేషన్ పాడ్యమికే దొరికింది కాబట్టి అత్తగారి మాట వినకుండా బయలుదేరాను.

పిలిచింది మా అప్ప. అక్కని మావైపు అప్ప అంటాం. ముప్ఫయ్యేళ్ళుగా జంషెడ్‌పూర్లో, భుయ్యాడీహ్‌లో ఉంటోంది. బావది ఉక్కు కార్ఖానాలో ఉద్యోగం. విదియ నాటికి నువ్విక్కడుండాలి అని ఫోన్లో ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. ఎందుకని అడిగితే, నెల చూడ్డానికి అంది. నెలంటే మాకు విదియ నాటి నెలవంక.

సోంపేటలో ఎక్కిన ఒకాయన నా ఎదురుగా కూర్చున్నాడు. జంషెడ్‌పూర్ పక్క గోవింద్‌పూర్లో లారీల ఫ్యాక్టరీలో వెల్డరట, సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నాడు. ఏ పని మీద వెళ్తున్నారని అడిగితే ఉన్న మాటే చెప్పాను.

"నెల సూడ్డానికి టాటా దాకానా? మీ ఊర్ల పొడవదేటమ్మా?" అన్నాడు.

జంషెడ్‌పూర్ని మావైపు టాటా అనే అంటారు. బరంపురంలో ఇడ్లీ పొట్లం కొనుక్కుని తినేదాకా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కటక్ దాటాక నా పులిహోర డబ్బా తీసి ఆయనకీ కాస్త పెట్టాను. ఖరగ్‌పూర్ చేరేసరికి మూడున్నర. అక్కడ దిగి బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద పూరీ, బంగాళదుంప కూర తిని, నాలుగున్నరకి ఇంకో రైలెక్కి, ఏడింటికి టాటానగర్‌లో దిగాను. స్టేషన్ బయట షేర్ ఆటోలో సాక్చీ, అక్కడినుంచి ఇంకో ఆటోలో భుయ్యాడీహ్. చలి బాగా ఉంది. ఈ కాలంలో వెళ్ళేవాళ్ళు శాలువా పెట్టెలో కాదు, చేతిలో ఉంచుకోవాలి.

అసలు సంగతి అన్నాల దగ్గర బయటపడింది.

విదియ చంద్రుడు కనబడగానే కట్టుకున్న బట్టలోంచి ఓ నూలుపోగు లాగి ఆయనకి ఇచ్చి దణ్ణం పెట్టుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటే. ఆ తర్వాత మొట్టమొదట ఎవరి మొహం చూస్తే ఆ నెలంతా వాళ్ళ చలవే. అందుకని మంచి మొహం చూసి ఎంచుకుంటాం. మా అప్పకి కుదిరిన మంచి మొహం పక్కింటి పార్వతమ్మది. చిక్కల్లా ఏమిటంటే, పార్వతమ్మతో మా అప్పకి మూడేళ్ళుగా మాటల్లేవు.

అంతకుముందు వాళ్ళిద్దరూ వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. అప్ప కూతురు స్వాతి రైలింజను డ్రైవరు పరీక్ష రాస్తానన్నప్పుడు, ఆడపిల్లకి ఇంజనెందుకు అని పార్వతమ్మ ఒక మాట అంది. అంతే, అప్ప మొహం తిప్పేసుకుంది. అయితే ఈ ఏడు వేసవిలో డాబా మీద నెల చూసి అప్ప వెనక్కి తిరిగేసరికి, పక్క డాబా మీద మిరపకాయలు ఎత్తుకుంటూ పార్వతమ్మ ఎదురైంది. ఆ నెల స్వాతి మొదటి పరీక్ష పాసైంది. రెండో పరీక్ష ముందు అప్ప కావాలనే అటు తిరిగింది. అదీ పాసైంది. మధ్యలో ఒక నెల బావ మొహం చూస్తే నీళ్ళ మోటారు కాలిపోయిందట. బావ పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

ఇప్పుడు మిగిలింది కళ్ళ పరీక్ష. విదియ మర్నాడే, చక్రధర్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో. కళ్ళజోడు లేకుండా దూరం అక్షరాలు చదవాలి, రంగులు చెప్పాలి. అందులో పోతే మూడేళ్ళ కష్టం పోయినట్టే. పార్వతమ్మేమో మోకాళ్ళ నొప్పులతో డాబా ఎక్కడం మానేసింది. ఆవిణ్ణి పైకి రప్పించడానికి అప్ప నన్ను పిలిపించింది.

"నానడగను. సచ్చినా అడగను. నువ్వడుగు," అంది అప్ప.

మర్నాడు పొద్దున సాక్చీ బజారు తిరిగి, నిప్పుల మీద కాల్చిన లిట్టీలు తిని, పదకొండింటికి పలాస జీడిపప్పు పొట్లంతో పార్వతమ్మ తలుపు తట్టాను. అప్ప డాబా మీదికొచ్చి ఊరి పక్కన నది చూపించమని అడగాలని దారంతా ఆలోచించుకున్నాను. తీరా వెళ్ళాక ఆవిడ టీ ఇచ్చి, మీ అప్ప ఎలా ఉంది అని తనే మొదలుపెట్టింది. వాళ్ళాయన గూడ్సు బండి డ్రైవరుగా చేసి పోయాడు.

"నెల సూసి ఆయన మొకం సూద్దారంటే, ఏ లైన్ల ఉండీవోడో. అద్దం కాడికెల్లి నా మొకం నానే సూసుకునీదాన్ని. ఆ పిల్ల ఇంటోల్లకి ఆ బాద ఒద్దని అన్నాను. మీ అప్ప పూర్తిగా ఇననేదు," అంది.

నది సంగతి ఎలాగో అడిగేశాను. మోకాళ్ళు చూసుకుని, సరే అంది. ఇంటినుంచి తెచ్చిన క్యాలెండర్ ప్రకారం సూర్యాస్తమయం ఐదూ ముప్ఫై అయిదుకి. ఐదుముప్పావుకి వస్తానని చెప్పి, ఘనకార్యం చేసినట్టు తిరిగొచ్చి పడుకున్నాను.

ఐదింటికి ఇంకా పది నిమిషాలుండగా స్వాతి నన్ను కుదిపి లేపింది. తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబు చెప్పే పిల్ల.

"మౌసీ, ఆప్కా క్యాలెండర్ ఆంధ్రా కా హై. యహాఁ పాంచ్ బజే సూరజ్ ఖతమ్."

మీది ఆంధ్రా క్యాలెండరు, ఇక్కడ ఐదింటికే సూర్యుడు సరి, అంటోంది. నిజమే. తూర్పుకి ఇంత దూరం వచ్చాక పొద్దు మనకంటే ముందే గుంకుతుందన్న ఇంగితం నాకు లేకపోయింది. క్యాలెండర్ నమ్ముకుని కూర్చుంటే ఐదుముప్పావుకి చంద్రుడు కూడా పొగలో కలిసిపోయేవాడు. చెప్పుల్లేకుండా పరిగెత్తి, పార్వతమ్మని రెక్క పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కించి అప్ప డాబా మీదికి తెచ్చేసరికి ఐదుంబావు. అప్ప ఆవిణ్ణి చూడకుండా నైరుతి వైపు తిరిగి నిలబడింది. అటు కార్ఖానా గొట్టాలు, పొగ, ఎర్రటి ఆకాశం. ఎంత చూసినా నెలవంక లేదు. పదినిమిషాలు గడిచాయి. అప్ప పిట్టగోడ మీదికి వంగి వెతుకుతోంది. ఇంతమంది కష్టపడి ఇంత చేశాక ఆయన రాకపోతే ఎలా అని నాకూ దిగులేసింది.

"వో రహా," అంది స్వాతి. రెండో గొట్టానికి కుడిపక్క, కత్తిరించి పారేసిన గోరంత. మాకెవరికీ కనబడలేదు. దాని వేలి వెంట చూసి చూసి, ఆఖరికి అప్పకీ, నాకూ కనిపించాడు. రేపటి పరీక్ష సంగతి ఏమోగాని, నా లెక్కన అది అప్పుడే పాసైపోయింది.

అప్ప దణ్ణం పెట్టి కొంగులోంచి పోగు లాగబోయింది. రాలేదు. అది సిల్కులా కనిపించే ఏదో కొత్తరకం చీర, ఎంత గుంజినా పోగు ఊడదు. స్వాతి తన చిరుగుల జీన్సు మోకాలి దగ్గర పట్టుకుని ఒకటి తెంపి వెనకనుంచి అందించింది. చంద్రుడు ఆ నెల జీన్సు పోగుతోనే సరిపెట్టుకున్నాడు. తర్వాత అప్ప కళ్ళు గట్టిగా మూసుకుని, పిట్టగోడ తడుముకుంటూ పార్వతమ్మ వైపు తిరిగింది.

పార్వతమ్మ తెలివితక్కువది కాదు. ఒక్క క్షణం చూసి, కొంగు లాగి మొహం మీద కప్పేసుకుంది.

"మూడేల్లు నా మొకం సూడనేదు. ఇప్పుడు కల్లు మూసుకోని వత్తన్నావా? ముందు పిలు. పిలిత్తే తీత్తాను."

అప్ప పిట్టగోడ వదల్లేదు. కళ్ళూ తెరవలేదు. తెరిస్తే ముందు మా మొహాలు కనబడతాయి. స్వాతి నోరు మూసుకుని నవ్వాపుకుంటోంది. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చెయ్యలేక తంటాలు పడుతున్నారు. ఆ చప్పుడు మూడుసార్లు వినబడ్డాక అప్ప గొంతు వచ్చింది.

"వొదినా."

"ఏటి?"

"వొదినా, తియ్యవే. పిల్లకి రేపు పరీచ్చ."

పార్వతమ్మ కొంగు తీసింది. అప్ప కళ్ళు తెరిచింది. ఎవరు ముందు ఏడ్చారో చెప్పలేను, నేను చూసేసరికి ఇద్దరూ ఏడుస్తున్నారు. ఆ రాత్రి అందరం కలిసి తిన్నాం.

మర్నాడు తెల్లవారి చక్రధర్‌పూర్ బండికి స్వాతితో వెళ్ళింది అప్ప కాదు, పార్వతమ్మ. ఆ రైల్వే ఆసుపత్రిలో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో వాళ్ళాయన రోజులనుంచి ఆవిడకి తెలుసు. మోకాళ్ళ మాటే ఎత్తలేదు. నేను మధ్యాహ్నం ఒకటిన్నరకి టాటానగర్‌లో తిరుగు రైలెక్కాను. జంషెడ్‌పూర్లో నెల చూడబోయేవాళ్ళు మన క్యాలెండర్ ఇంట్లో పెట్టి, ఐదింటికల్లా డాబా ఎక్కాలి, నూలు చీర కట్టుకోవాలి. ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నది ఇంతే అనుకుంటూ కిటికీలోంచి చూస్తున్నాను. ఘాట్‌శిలా దగ్గర ఫోన్ మోగింది. పార్వతమ్మ.

"పాసైపోనాదమ్మా పిల్ల. కల్లు పస్టుకలాసంట."

నేను సీట్లోంచి లేచిపోయాను. అప్పకి చెప్పారా అని అడిగాను.

"నేదు. పోన్ల సెప్పను. పిల్లనీ సెప్పొద్దన్నాను. సాయంత్రం ఎల్లి ఎదర నిలబడి సెప్తాను. ఇన్నప్పుడు ఆ మొకం నాను సూడాల. నువ్వూ సెప్పీకు."

ఫోన్ పెట్టి రెండు నిమిషాలు కాలేదు, అప్ప చేసింది. ఏటైనా తెలిసిందేటే అని అడిగింది. ఇంకా ఏమీ తెలియలేదప్పా, సాయంత్రానికి తెలుస్తుందేమో అన్నాను. మా అప్పకి నేను అబద్ధం చెప్పడం అదే మొదటిసారి కాదు గాని, అంత సంతోషంగా చెప్పడం మాత్రం అదే మొదలు.