నేను సరిచేసిన గోడ

మొన్న జగిత్యాలలో ఒక పాత ఇంటి గోడ కూలగొడుతున్నాం. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లమన్నాను. ఎండిన మట్టిమీద నీళ్లు పడగానే గుప్పున వాసన లేచింది. గడ్డపార పక్కన పెట్టి అలాగే నిలబడిపోయాను. "ఏందే మేస్త్రీ, కండ్లల్ల దుమ్ము వడ్డదా?" అని పనివాళ్లు నవ్వారు. దుమ్మూ లేదు, గిమ్మూ లేదు. సౌదీలో నాతో మట్టి తవ్వించిన ఖాదర్ సార్ గుర్తొచ్చారు.

సార్‌ది కర్నూలు. మెక్సికోలో ఇరవై ఏళ్లున్నారు. అక్కడి అడవుల్లో మాయా జాతివాళ్లు వందల ఏళ్ల కిందట కట్టి వదిలేసిన నగరాలను తవ్వి, వాళ్లు రాళ్లమీద చెక్కిన రాతలు చదివిన మనిషి. ఆ తర్వాత సౌదీ వచ్చారు. యాన్బు నుంచి రెండు గంటలు లోపలికి పోతే కొండల మధ్య ఒక పాడుబడ్డ మజిలీ ఉంది, పూర్వం ఒంటెల బేరగాళ్లు ఆగిన చోటు. దాన్ని తవ్వించడానికి ఆయన, ఆయనకు కూలీలను సప్లై చేయడానికి మా కంపెనీ. మొదటిరోజే నా చేతికి పార కాకుండా, రాళ్లమీది మట్టి మెల్లగా తుడవమని పెయింటు కుంచె ఇచ్చారు. ఒళ్లు మండింది నాకు. ఊళ్లో ఇరవై ఇండ్లు కట్టినవాణ్ని, ఇక్కడికొచ్చి మట్టికి సింగారం చేయాలా అనుకున్నాను.

టీ టైములో సార్ మాతోపాటు నేలమీదే కూర్చునేవారు. తెలుగు వినపడితే చాలు, ఆయనకు కడుపు నిండేది. ఒకరోజు ఫోనులో ఒక ఫోటో చూపించారు. చెక్కిన రాయి, దానిమీద పెద్ద కిరీటం పెట్టుకున్న రాజు.

"ఈయప్ప కాలంలో పంటలు పొంగిపొర్లినాయని రాపిచ్చుకున్యాడు. రాత చదివి నేనూ నమ్మినా. ఆమీద అదే కాలం సమాధులు తవ్వినాం. ఎముకలు సూస్తే పాపం, తిండిల్యాక చిక్కిపోయిన మనుషులు."

"అయితే రాజు అబద్ధాలకోరన్నట్టు!" అన్నాను.

"అట్ల తేల్చేయద్దు. రాతనూ అడగల్ల, మట్టినీ అడగల్ల. ఇద్దర్నీ ఒక్కసోట కూసోబెట్టి అడిగితేనే సంగతి బయటపడేది."

తలూపాను కానీ, నిజం చెప్పాలంటే నాకు ఎక్కలేదు. నా దిగులు నాకుంది. అవి నితాకత్ రోజులు. కంపెనీలో సౌదీవాళ్లు ఎందరున్నారో లెక్కచూసి గవర్నమెంటు ఒక రంగు ఇచ్చేది. మా కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపంటే ఇకామాలు, అంటే అక్కడ ఉండి పనిచేసే పర్మిట్ కార్డులు, రెన్యువల్ కావు. దానికితోడు ఒక్కో పరదేశిమీద కంపెనీ కట్టాల్సిన లెవీ పన్ను. ఎవణ్ని ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుదామా అని క్యాంప్ బాస్ సాకులు వెతుకుతున్నాడు. ఇంటిదగ్గర నా కూతురు నర్సింగు మూడో ఏడు చదువుతోంది. అది ఒడ్డున పడేదాకా నా ఉద్యోగం నిలవాలి. నాకు వేరే కోరికే లేదు.

సరిగ్గా అప్పుడే నా తెలివి తెల్లారింది. సార్ రెండు రోజులు మదీనా వెళ్లారు. తవ్విన గుంతలో ఒక రాతిగోడ కడుపు ఉబ్బి పక్కకు వాలి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నా చేతులు దురద పెట్టేవి. వాలిన గోడను చూసి ఊరుకునే మేస్త్రీ ఎక్కడైనా ఉంటాడా? సార్ మెచ్చుకుంటారని దారం కట్టి, తూకం గుండు వేలాడదీసి, పై మూడు వరసలు విప్పి మళ్లీ కట్టాను. బాణంలా నిలబడింది. విప్పకముందు ఒకటి, కట్టాక ఒకటి, ముచ్చటకు రెండు ఫోటోలు కూడా తీసుకున్నాను.

సార్ వచ్చి చూశారు. అరవలేదు. తవ్విపోసిన మట్టికుప్పమీద చతికిలబడ్డారు.

"ఎంత బాగ కట్టినావప్పా!" అన్నారు. "ఈ మజిలీని శత్రువులు కూలగొట్టినారని పాత పుస్తకంలో రాసి ఉండాది. నాకేమో వరద నెట్టిందని అనుమానం. గోడ ఎటు వాలింది, ఎంత వాలింది... అదే నాకు సాక్షి. సాక్షిని నువ్వు సదిరి నిలబెట్టినావు."

సార్ ఏ రోజు పని ఆ రోజు రాసే రిజిస్టర్ తీశారు. రాయబోతున్నారని అర్థమై చేతులు పట్టుకున్నాను.

"సార్, గిది రాస్తె నన్ను పంపిస్తరు. నా బిడ్డ సదువు ఆగమైతది. పై వరసలు వానకు కూలితె మళ్ల కట్టిచ్చినమని రాయుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

"ఆ రాజు రాపిచ్చినట్లే నేనూ రాయల్నా?" అన్నారు. కోపంగా కాదు, నన్నే అడుగుతున్నట్టు. "ఇకామాలో నిన్ను ఏమని రాసినారు?"

"ఆమిల్, సార్. కూలీ."

"నువ్వు చేసే పని?"

"మేస్త్రీని."

రాసి, తెలుగులో చదివి వినిపించారు. 'పై మూడు వరసలు ఈనాటివి. తిరిగి కట్టినవాడు రాజలింగం, మేస్త్రీ. గోడను ఎందుకు ముట్టకూడదో అతనికి చెప్పకపోవడం నా తప్పు. ఏ రాయి ఎక్కడిదో చెప్పగలిగినవాడు అతనొక్కడే.'

మరునాడు క్యాంప్ బాస్ ఇంటికి పంపేవాళ్ల లిస్టులో నా పేరు ఎక్కించుకుని వచ్చాడు. సార్ రిజిస్టర్ అతని ముందు పెట్టి, చివరి వాక్యంమీద వేలు ఆనించారు. "ఇతణ్ని పంపితే నా గోడ పోయినట్టే. రాళ్లు మీరొచ్చి పెడతారా?" అని హిందీలో అడిగారు. క్యాంప్ బాస్ గొణుక్కుంటూ లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నేను కట్టింది విప్పి, పాత వాలుకే తిరిగి పేర్చుతూ తొమ్మిది రోజులు ఆ గోడతోనే ఉన్నాను. పూర్వం ఎండ తగిలిన వైపు రాయి నల్లబడి ఉంటుంది, లోపలి వైపు పాత మట్టి అంటుకుని ఉంటుంది. ఒకసారి చేత్తో ఎత్తి పెట్టిన రాయిని మేస్త్రీ అంత తొందరగా మరిచిపోడు. నేను తీసిన ఫోటోలు కూడా పనికొచ్చాయి. నాలుగు రాళ్లు తప్ప అన్నీ వాటి వంకర చోట్లకే చేర్చాను. జీవితంలో గోడను వంకరగా కట్టడానికి అంత చెమటోడ్చింది అప్పుడే! ఆ నాలుగూ తెలియవని సార్ రాసుకున్నారు. తర్వాత గోడ వెనక తవ్వితే వరద తెచ్చిన ఒండ్రు పొర కనిపించింది. సార్ గుంతలోంచే నన్ను కేకేసి పిలిచి, గట్టిగా కావలించుకున్నారు.

ఆ పని మరో రెండేళ్లు సాగింది. నా బిడ్డ నర్సయింది. సార్ పోయినేడు కర్నూల్లో కాలం చేశారు. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇప్పటికీ నా బతుకు. పని చెడితే ఇంటాయన అడగకముందే నేనే చెప్తాను, నా చెయ్యి ఎక్కడ పడిందో చూపిస్తాను. అందువల్ల రెండు పనులు పోయాయి, పోనీ.

పదకొండేళ్లు సౌదీలో ఉన్నాను. గేటు పాసు, జీతం స్లిప్పు, ఇకామా అన్నిట్లోనూ నేను ఆమిల్‌నే. నన్ను మేస్త్రీ అని రాసిన కాగితం ఆ దేశం మొత్తంలో ఒక్కటే ఉంది. అది నా తప్పు రాసిన కాగితం.