ఖమర్ ఆపా, రాబోయే సినిమాలు

భూపాలపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. ఎండకు కళ్ళు మూతలు పడుతుండగా, ముందు సీట్లో ఎవరి ఫోన్లోనో కొత్త సినిమా ట్రైలర్ మోగింది. మొదట డప్పుల హోరు, ఆ తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఎవరో ఆడమనిషి సన్నని నవ్వు. బొగ్గు లారీలు లేపిన దుమ్ము అద్దం మీద బంగారు పొరలా మెరుస్తోంది. ఆ నవ్వు వినగానే బస్సు, రోడ్డు, ఒళ్ళోని ఆఫీసు సంచీ అన్నీ ఎక్కడికో జరిగిపోయాయి. మానుకోట స్టేషన్ దగ్గరి మేడగదిలో, కంప్యూటర్ నీలి వెలుతురు పడిన ఖమర్ ఆపా ముఖం కనిపించింది.

మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళు రోడ్ల మీదికి వచ్చిన ఆ సంవత్సరాల్లో, నేను జనగామ నుంచి వచ్చి మానుకోటలో అక్క దగ్గర ఉంటూ, ఖమర్ ఆపా నడిపే చిన్న కేబుల్ ఛానల్లో పనిచేశాను. సాయంత్రం ఆరింటికి వచ్చే ‘రాబోయే సినిమాలు’ అనే అరగంట నాది. కొత్త ట్రైలర్లు వెతికి తెచ్చి, వాటి మధ్య నాలుగు మాటలు చెప్పాలి. అప్పటి ఇంటర్నెట్ ఎంత నెమ్మదంటే, రెండు నిమిషాల ట్రైలర్ దిగడానికి మధ్యాహ్నమంతా పట్టేది. హీరోయిన్ ముఖం సగం తిరిగి ఆగిపోయేది. మిగతా సగం కోసం మేమిద్దరం చాయ్ తాగుతూ ఎదురుచూసేవాళ్ళం. కిందినుంచి రైళ్ళ కూత, మసీదు పక్కన మల్లెపూలమ్మే ఆమె కేక, పైన ఫ్యాను చప్పుడు. ఇంకా ఎవరూ చూడని సినిమా ఒకటి మా గదిలోకి చుక్కచుక్కగా కారుతున్నట్టుండేది.

ఒకరోజు నాకొక అద్భుతమైన ట్రైలర్ దొరికింది. వానలో గుర్రం, నదిలో పడవ, మంటల మధ్య హీరో నడక. సంబరంగా ఆపాకు చూపించాను. ఆమె ముక్కు మీదికి కళ్ళద్దాలు దించి రెండుసార్లు చూసింది.

“మీసం జూడు. గుర్రం మీద ఒక తీరుగున్నది, పడవల ఇంకో తీరుగున్నది. పాత సినిమాలు కోసి కుట్టిండు ఎవడో.”

“అయితేంది ఆపా, మంచిగుంది కద?”

“మంచిగనే ఉన్నది. పాపం, ప్రేమతోని చేసిండు. కని గిది రాబోయే సినిమా కాదు పిల్లా, వాని కల. కల అని చెప్పే ఏద్దాం.”

ఆ సాయంత్రం నిజంగానే ‘ఒక అభిమాని కల’ అని పేరు పెట్టి వేయించింది. సినిమా తీసినవాళ్ళే దాన్ని బయటపెట్టారా, వాళ్ళ పేజీ పేరులో ఒక్క అక్షరమైనా తేడా ఉందా, మన థియేటర్ మేనేజర్‌కు ఆ సినిమా సంగతి తెలుసా అని చూసుకోనిదే ఆమె దేన్నీ వేయనిచ్చేది కాదు. నాకది చాదస్తంగా తోచేది. ఒకసారి విసుక్కుంటే తన తండ్రి గురించి చెప్పింది. ఆయన రిక్షాలో మైకు పెట్టుకుని ఊరంతా సినిమా ప్రచారం చేసేవాడట. ఒకసారి ఎవరో చెప్పిన మాట నమ్మి, ఇంకా రాని సినిమాను వచ్చిందని చెప్పాడు. గార్ల నుంచి ఒక ఆమె పిల్లల్ని వెంటేసుకుని రైలెక్కి వచ్చింది. మూసి ఉన్న గేటు ముందు నిలబడి, “ఎందుకట్ల చెప్పినవన్నా?” అని మాత్రం అడిగిందట. “తిట్టినా బాగుండు అన్నడు మా అబ్బా. సచ్చేదాంక గదే మాట అన్నడు,” అంది ఆపా.

నేను అంతా విన్నాను. విన్నదంతా ఒక్క మధ్యాహ్నం మరిచిపోయాను.

ఆ రోజు రైల్ రోకో. రైళ్ళు లేని మానుకోట ఎంత విచిత్రంగా ఉంటుందో చెప్పలేను. పట్టాలు ఎండలో మెరుస్తూ పడుకుని ఉన్నాయి. వాటి మీద జనం కూర్చుని పాటలు పాడుతున్నారు. గాలి మళ్ళినప్పుడల్లా పాట మా కిటికీలోకి వచ్చి పోతోంది. ఆపా షుగర్ పరీక్షకని దవాఖానకు వెళ్ళింది. తెలిసినతను ఒకడు పెన్‌డ్రైవ్ తెచ్చి ఇచ్చాడు. మా వీధి చివరి థియేటర్‌కు రాబోతున్న సినిమా ట్రైలర్ అది. అందులో మన యాసలో మాట్లాడే పనివాడొకడు, “మాకు రాష్ట్రమెందుకు దొరా, ఇంత కల్లు పోస్తె సాలు,” అంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వుతారు. డిగ్రీలో నేను లేచి జవాబు చెప్పినప్పుడు నా మాట తీరుకు క్లాసంతా నవ్విన నవ్వు నా చెవుల్లో మోగింది. ఆరింటి దాకా ఆగలేకపోయాను. మూడింటికే వేశాను. మళ్ళీ వేశాను. మనల్ని ఎట్ల చూపిస్తున్నారో చూడండి అని నా గొంతుతో చెప్పి, మూడోసారీ వేశాను.

ఐదు కాకముందే థియేటర్ ముందు గుంపు చేరింది. అద్దాలు పగిలాయి. గేటు దగ్గర ఉండే లచ్చిరాం అనే తండా మనిషి, లోపల ఆడవాళ్ళు ఉన్నారని రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. రాయి వచ్చి అతని కనుబొమ్మ మీద తగిలింది.

ఆపా వచ్చేసరికి నేను కుర్చీలో బిగుసుకుపోయి ఉన్నాను. ఆమె కేకలేయలేదు. సినిమా తీసినవాళ్ళ పేజీ వెతికి, అసలు ట్రైలర్ పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని మళ్ళీ మళ్ళీ చూసింది. ఆ తర్వాత హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టింది. అసలు దాంట్లో ఆ పనివాడు “వస్తున్న దొరా” అంటూ జారి బురదలో పడతాడు, అంతే. మేము వేసినదాంట్లో కల్లు మాట వినిపిస్తున్నప్పుడు అతని పెదవులు మూసుకునే ఉన్నాయి. గొంతు కూడా వేరే ఎవరిదో.

“నేనే చెప్త ఆపా, తప్పు నాదే,” అన్నాను ఏడుస్తూ.

“ఛానల్ నాది. నేను చెప్త. నువ్వు నా పక్కపొంటి కూసో.”

ఆరింటికి ఆమె కెమెరా ముందు కూర్చుంది. నన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది.

“పగటీలి మేం ఏసిన ట్రైలర్ల కల్లు మాట అబద్ధం. ఎవరో అతికిచ్చిండ్రు. మేం సూసుకోకుంట ఏసినం. తప్పు మాది. మా తప్పుకు లచ్చిరాం నెత్తురు కారింది. ఇప్పుడు అసలుది ఏస్తున్న. దాంట్ల గూడ మన మాట మాట్లాడేటోన్ని బురదల పడేసి నవ్విండ్రు. గది నిజం. కోపమొస్తె దానికి రావాలె. రాళ్ళు మాత్రం ఏయకుండ్రి.”

వెంటనే ఫోన్ మోగింది. “నువ్వు ఎవరి దిక్కు ఆపా?” అని అరిచాడొకతను.

“నీ దిక్కే బేటా. మన కొట్లాట నిజమైంది. దానికి అబద్ధం తోడెందుకు?”

అతను ఫోన్ పెట్టేశాడు. ఆ నెలలో చాలా ఇళ్ళు మా కేబుల్ తీసేయించుకున్నాయి. బజారులో కొందరు ఆమెతో మాట్లాడడం మానేశారు. నన్ను మాత్రం ఆమె పనిలోంచి తీసేయలేదు. నా పేరు ఎక్కడా చెప్పలేదు.

మర్నాడు నేనొక్కదాన్నే దవాఖానకు వెళ్ళాను. లచ్చిరాం కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ట్రైలర్ వేసింది నేనేనని చెప్పాను.

“నిన్న పొద్దుగాల నేను గూడ పట్టాల మీద కూసొచ్చిన అక్కా,” అన్నాడు. కంటి కట్టు సర్దుకుని, “రాయి నువ్వేయలే. కని అది నీ కాడనుంచే బయలెల్లింది,” అన్నాడు. కోపంగా అనలేదు. క్షమించానని కూడా అనలేదు. పక్కన చోటు చూపించి కూర్చోమన్నాడు. గాయం మానింది కానీ ఆ కన్ను మసకగానే మిగిలింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. కేబుల్ మూతపడింది. నేను ఉద్యోగం వచ్చి భూపాలపల్లి చేరాను. ఆపా పోయి మూడేళ్ళవుతోంది. మొన్న చలికాలంలో, మా కాలనీ బడి వెనకాల పులి తిరుగుతోందని ఎవరో పంపిన వీడియోను నేను ఆడవాళ్ళ గ్రూపులో పెట్టాను. మర్నాడు సగంమంది పిల్లలు బడికి రాలేదు. ఆ వీడియో మరెక్కడిదో అని తర్వాత తెలిసింది. చడీచప్పుడు లేకుండా తీసేస్తే ఎవరూ అడిగేవారు కాదు. వేలు దాని మీదికి వెళ్ళింది కూడా. తీయలేదు. దాని కిందే రాశాను: “ఇది మన ఊరిది కాదు. చూసుకోకుండా పంపాను. తప్పు నాది.”

ఎవరు ఏమన్నా వినాలని ఫోన్ ముందే కూర్చున్నాను. సాయంత్రం దాకా అక్కడినుంచి లేవలేదు.