మా సీషెల్స్ తాత

మా తాత నారాయణయ్యకు ఒకటే జబ్బు. ఎవరు ఏ మాట ఎత్తినా దాన్ని తోలుకుపోయి సీషెల్స్‌లో కట్టేసేవాడు. ఎండ ముదిరిందంటే సీషెల్స్. గొర్రెకు దగ్గొచ్చిందంటే సీషెల్స్. ఇంతా చేసి, ఉదయగిరి దాటి ఆయన చూసినవి ఆత్మకూరు సంత, నెల్లూరు కంటాసుపత్రి. సముద్రం చూడనేలేదు. అడిగితే, "గొర్రెలు తాగని నీళ్ళు అన్ని ఉండి ఏం లాభం?" అంటాడు.

సీషెల్స్ అనేది ఒక దేశం, ఆఫ్రికా పక్కన నడిసముద్రంలో ఉంది. నూటపదిహేను దీవులు. జనమంతా కలిపినా లక్షా చిల్లరే. ఇదంతా ఫోన్‌లో చూసి చదివిపెట్టింది నేనే. పదో తరగతి సోషల్‌లో తప్పినదాన్ని, ఇప్పుడు ఒక దేశం మొత్తం నోటికొచ్చేసింది. పరీక్షలో ఆ దేశమే అడిగి ఉంటే ఈపాటికి పంతులమ్మనయ్యేదాన్ని.

నేను చదివేది ఒకటి, తాత చెప్పేది ఇంకొకటి. అక్కడ మనిషిని మోసేంత తాబేళ్ళున్నాయని చదివితే, తెల్లారేసరికి అవి మందలైపోయాయి.

"ఆ మందకు కాపరే అక్కర్లేదు. పొద్దున వదిలిపెట్టి మాపుటికి పోతే, వదిలిన చోటే ఉంటాయి" అన్నాడు, ఎదురింటి అరుగు మీదున్న ఓబులమ్మతో.

"ఈయన్ని కూడా ఆ మందలో కలపండి" అంది మా అవ్వ మాలకొండమ్మ, వంటింట్లో నుంచి.

ఓబులమ్మ కొడుకు పెంచలప్రసాద్ ఆ దేశంలోనే తాపీపని చేసేవాడు. రెండేళ్ళ ఒప్పందం. సముద్రం పొంగి దీవులు మునిగిపోతాయని టీవీలో విన్నప్పటి నుంచి ఆమెకు కూడు సహించేది కాదు. పని వదిలేసి వచ్చెయ్యమని ఫోన్‌లో ఒకటే పోరు.

"నిజంగా మునుగుతాదా మామా?" అని ఒకనాడు తాతనే అడిగింది.

"ఏంది మునిగేది? ఆడ మన దుర్గమంత కొండ ఉండాది. నీ కొడుకు గది దాని నడుముకాడ. సముద్రం ఆడికి ఎక్కేలోపల దానికే ఆయాసమొస్తాది."

కొండ ఉన్నమాట నిజమే. ఎత్తులో మన ఉదయగిరి దుర్గానికి తమ్ముడు. నడుము దగ్గర గది మాత్రం తాత కట్టించింది. ప్రసాద్ ఉండేది ఇసుక పక్కన రేకుల షెడ్డులో. ఏమైతేనేం, ఆ పూట ఓబులమ్మ మారు వడ్డించుకుంది.

ఇక తాతకు పట్టపగ్గాల్లేవు. పెళ్ళిపందిట్లో అదే మాట, సీతారామపురం బస్సులో అదే మాట. చివరికి చావింట్లో కూడా, "పోయినాయన పుణ్యాత్ముడే గానీ, సీషెల్స్‌లో పుట్టుంటే ఆ గాలికి ఇంకో పదేళ్ళు ఉండేవాడు" అన్నాడు. నేను కొంగులో మొహం దాచుకున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు.

ఒకసారి పొట్టేలును అమ్మడానికి ఇద్దరం ఆత్మకూరు పోయాం. టీ అంగడి వరప్రసాదం ఎక్కడ విన్నాడో, బెంచీ తుడిచి మరీ తాతను కూర్చోబెట్టి, ఆ సీషెల్స్ కథ చెప్పమన్నాడు. ఇంకేముంది, మా బస్సు పోయినట్టేననుకున్నాను.

తాత టీ ఊదుకుంటూ, "నాకేం తెలుసు సామీ, గొర్లు కాసుకునేవాణ్ణి" అన్నాడు.

బస్సెక్కాక నిలదీశాను.

"ఈడ ఓబులమ్మ లేదు గదే. ఊరికే అరుచుకునేదానికి నాకేమన్నా పిచ్చా?" అన్నాడు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పెళ్ళిలో ఓబులమ్మ మా ఎదురు బంతిలో తింటోంది. సీతారామపురం బస్సులో మా ముందు సీటు ఆమెదే. చావింట్లోనూ తాత పక్కనే నిలబడింది.

పోయిన నెల ప్రసాద్ ఒప్పందం ముగించుకుని, నల్లగా నిగనిగలాడుతూ దిగాడు. ఆ రోజు నుంచి తాత నోట సీషెల్స్ మాట లేదు. ఇల్లు మరీ బోసిపోయిందని అవ్వే సణుగుతోంది.

నిన్న మళ్ళీ, "రజితా, ఫోను తీ" అన్నాడు. "సుకుమారి కొడుకు మాల్దీవులకు పోతా ఉండాడంట. ఆ యమ్మ పొద్దుటి నుంచి ఏడస్తా ఉండాది. ఆడ కొండలెట్టుండాయో చూడు."

చూశాను. "కొండల్లేవు తాతా. దేశం మొత్తం మీద ఎత్తైన చోటు కూడా మన గొర్రెల కొట్టమంత లేదు."

తాత కాసేపు గడ్డం గీరుకున్నాడు. తర్వాత కండువా దులిపి భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. సుకుమారి వాకిట్లో నుంచి ఆయన గొంతు మా ఇంటిదాకా వినిపించింది.

"అదృష్టమంటే నీ కొడుకుదేనమ్మా. దేశమంతా బల్లపరుపు. మోకాళ్ళ నొప్పులంటే ఏందో ఆ జనానికి తెలియనే తెలియదంట."