కొమురమ్మ కుండల యాపాకు

తెలంగాణ ఉద్యమం కోసం వండిన అన్నంల కొమురమ్మ కావాలని చేదు యాపాకు కలిపి పంపిందని తొర్రూరు బస్టాండు ఎనుక వాడ వాడంతా అన్నది. అన్నంల యాపాకు వచ్చిన మాట నిజమే. ఆ యాపాకు కొమురమ్మ ఇంటిదన్న మాటా నిజమే. ఆమె పంపిందన్న మాటొక్కటే అబద్ధం. ఆ ఒక్కటి తేలేసరికి వారం దినాలు పట్టింది. తేల్చినామె గూడ కొమురమ్మ మేలు కోరి తేల్చలే. ఆమె పక్కింటి భద్రమ్మ, ఏ ముచ్చటైనా మొదలు, చివర తెలియకపోతే ముద్ద దిగని మనిషి.

భద్రమ్మకు కొమురమ్మ అంటే గిట్టదు. ఇద్దరి ఇండ్లకు నడుమ ఛాతీ ఎత్తు గోడ. పదేండ్ల సంది ఆ గోడ మీంచి చూసి చూసి, కొమురమ్మ సంసారం భద్రమ్మకు తన సంసారం కంటె ఎక్కువ తెలుసు. చింతపండు పిసికినంక పిప్పి పారెయ్యదు, దాంతోటి ఇత్తడి చెంబులు తోముతది. అగ్గిపుల్ల గియ్యదు, ఎవరింట్ల పొయ్యి అంటుకుంటే వాళ్ళింటికి పిడక పట్టుకొని వస్తది. బియ్యం కడిగిన నీళ్ళు పులుసులకు, గిన్నెలు కడిగిన నీళ్ళు సొరతీగ మొదట్లకు. సబ్బు అరిగి పొరలెక్క అయితే కొత్త సబ్బుకు అతికిస్తది. మొగని పాత ఖాకీ అంగీ విప్పి బిడ్డ గీతకు పుస్తకాల సంచి కుట్టింది. అంగీకున్న జేబు గూడ తియ్యలే, పెన్నులకు పనికొస్తదని అట్లనే ఉంచింది.

"ఆ ఇంట్ల ఈగ వాలినా పస్తులతోనే లేచిపోతది" అని భద్రమ్మ గల్లీ మొదట్ల, కొట్టు కాడ చెప్పేటిది. ఆ మాట కొమురమ్మ చెవున పడేటిది. మర్నాడు గోడవతల నుంచి, ఎవరితోనో అన్నట్టు, "కొందరి ఇండ్లల్ల కూర కంటె ముచ్చట్లే ఎక్కువ ఉడుకుతయి" అని జవాబు వచ్చేటిది.

కొమురమ్మ పొదుపులన్నిట్ల పెద్దది ఆమె కుండ. ఎసరు పెట్టినప్పుడల్లా కొలిచిన బియ్యంల నుంచి ఒక పిడికెడు ఎనుకకు తీసి అటక మీది మట్టికుండల పోసేటిది. కొత్త వడ్లు పట్టించిన నెలల్ల సన్నబియ్యం పిడికెడు. రేషను దుకాణపు కంట్రోలు బియ్యం తినే నెలల్ల దొడ్డుబియ్యం పిడికెడు. ఏ పూట ఏది వండితే అదే. వాడల అందరు పురుగు పట్టకుండ బియ్యంల పెట్టే గోళీలు కొంటరు. కొమురమ్మ అవి గూడ కొనదు, ఎండిన యాపాకు నలిపి పొర మీద పొర వేస్తది. ఎంత గడ్డు పూటైనా ఆ కుండ ముట్టలే. ఇంకా గడ్డు పూట ఉంటదని ఆమె నమ్మకం.

అది రానే వచ్చింది. ఆమె మొగడు సోమనర్సయ్య బస్సు కండక్టరు. సకల జనుల సమ్మెల బస్సులు ఆగినయి, బస్సులతోపాటు జీతం ఆగింది. కొమురమ్మ పొద్దుగాల లేచి పత్తిచేన్లకు కలుపు కూలికి పోయేటిది. సోమనర్సయ్య తెల్లంగి వేసుకొని దీక్ష టెంటు కిందికి పోయేటోడు. మాట తియ్యగుంటది. "అన్నా" అని పిలిచి ఏమడిగినా లేదనడు. ఇంట్ల ఉన్నదా లేదా అనేది తర్వాతి సంగతి.

ఒక ఆదివారం సమ్మె కోసం అందరు నడిరోడ్డు మీదనే వండుకొని తినే వంటా-వార్పు పెట్టిన్రు. "ఇయ్యాల ఆడోళ్ళకు సెలవు, మొగోళ్ళమే వండుతం" అన్నడు వాడ కమిటీ పెద్ద పరశురాములు. ఇంటింటి నుంచి వచ్చిన బియ్యం వచ్చినట్టే పెద్ద గుండిగల గుమ్మరించిన్రు. చాటల పోసి చెరగాలని, దొడ్డువి సన్నవి కలిపి వండొద్దని ఆ మొగోళ్ళకు ఎవరు చెప్పాలె? సన్నవి జావ అయినయి, దొడ్డువి పలుకు మీదనే ఉన్నయి. వరంగల్ నుంచి వచ్చిన ఉద్యమ పెద్దమనిషి కెమెరాల ముంగట మొదటి ముద్ద నోట్లె పెట్టుకున్నడు. నమలలేక, ఉమ్మలేక నిలబడ్డడు. చేదు. తెల్లటి అన్నం నిండ నల్లటి ఆకు ముక్కలు.

అందరికంటె ముందు నోరు తెరిచింది భద్రమ్మే. "యాపాకు! బియ్యంల యాపాకు వేసేటిది మన వాడల ఒక్కతే. గోళీలు గూడ కొనని మహాతల్లి."

"సోమనర్సయ్యన్నా, నీ ఇంటి బియ్యమేనా ఇవి?" అని పరశురాములు నిలేసిండు.

సోమనర్సయ్య మొఖం మాడ్చుకున్నడు. "ఇంట్ల ఉన్నయే తెచ్చిన తమ్మీ. అండ్ల ఏమున్నదో నాకేం ఎరుక?"

ఇగ మాట ఆగలే. మొగడు పాపం మోసుకొచ్చిండు, కలిపి పంపింది ఆమే అన్నరు. ఆమె తమ్ముడు హైదరాబాదుల ఆంధ్ర సేటు కాడ పనిచేస్తడు, వాళ్ళే చెప్పి చేపించిన్రు అన్నరు. కొమురమ్మ చేనుకాడి నుంచి కొంగుల కూరకని ఇంత గునుగాకు మూట గట్టుకొని వచ్చేసరికి ఇంటి గోడ మీద బొగ్గుతోటి 'ద్రోహి' అని రాసి ఉన్నది. వాకిట్ల ఇరవై మంది.

"ఉద్యమం అన్నంల చేదు కలుపుతవా?" అని పరశురాములు మీదికొచ్చిండు.

కొమురమ్మ ఆయన దిక్కు చూడలే. లోపలికి పోయి అటక చూసి బయటికొచ్చింది. "నా కుండేది?" అన్నది.

"సిగ్గు చూడున్రి!" అన్నది భద్రమ్మ. "ఊరి పరువు పోతే ఈమెకు మట్టికుండ కావాల్నట!"

సోమనర్సయ్య గుంపు ఎనుక నిలబడి తన చెప్పుల దిక్కు చూసుకుంటున్నడు.

పరశురాములు అక్కడికక్కడే తీర్పు చెప్పిండు. వచ్చే ఆదివారం కొమురమ్మ టెంటు కాడికొచ్చి మైకుల తప్పైందని చెప్పాలె. అప్పటిదాక ఎవ్వరూ నిప్పియ్యొద్దు, పలకరించొద్దు. ఆ వాడల పది ఇండ్లకు నీళ్ళు భద్రమ్మ బోరు నుంచే పోతయి. కొమురమ్మ ఇంటి పైపు బందు పెట్టాలె.

"చెప్పకపోతే?" అని అడిగింది భద్రమ్మ.

"పైపు పీకి పారేసుడే, పెద్దమ్మా."

భద్రమ్మ పోయి తన చేతులతోనే కొమురమ్మ పైపు మూసింది. మూస్తుంటే మనసుకు హాయిగనే అనిపించింది, అబద్ధమెందుకు.

ఆ వారమంతా కొమురమ్మ బస్టాండు కాడి చేతిపంపు నుంచి నీళ్ళు మోసింది. నెత్తి మీదొకటి, సంకలొకటి. పొద్దున రెండు తిప్పలు, కూలి నుంచి వచ్చినంక రెండు తిప్పలు. పొయ్యి ఒక్కపూటే రాజుకునేటిది, అది గూడ జొన్న గట్కకే. గీత బతుకమ్మ కాడికి పోతే ఆడపిల్లలు పక్కకు జరిగిన్రు. పిల్ల పూలు అక్కడనే పెట్టి తిరిగొచ్చింది. భద్రమ్మ గోడ మీంచి అన్నీ చూసింది. కరగలే. "మైకుల ఒక్క మాట చెప్తే పోయేదానికి ఎంత పొగరు" అనుకున్నది.

కాని ఒక ప్రశ్న భద్రమ్మను కూసోనియ్యలే, నిలబడనియ్యలే. కరివేపాకు రెబ్బ అడిగితే ఆకులు లెక్కబెట్టి తెంపిచ్చే మనిషి, కుండకు కుండ బియ్యం ఎట్ల పంపింది? పాడు చెయ్యాల్నంటే పిడికెడు యాపాకు చాలు గదా. దానికి ఏండ్లకేండ్లు దాచిన బియ్యం ఎవరన్న పారబోస్తరా? కొమురమ్మ అసలే పారబొయ్యదు.

శనివారం తండా నుంచి పెరుగమ్మే రామి వచ్చింది. భద్రమ్మ ఆమె తట్ట దించి పీట వేసి కూసోబెట్టింది.

"ఏమే రామీ, పోయిన ఆదివారం ఈ గల్లీల తిరిగినవా?"

"తిరగకుంటె నా పెరుగెవలు కొంటరు యాడీ?" అన్నది రామి. తండాల అమ్మను యాడీ అనే అంటరు.

"సోమనర్సయ్య కుండ తీసుకపోయేటప్పుడు చూసినవా మరి?"

"చూసుడేంది, భుజం మీదికి ఎత్తిందే నేను! ఒక్కనితోటి లేస్తలేదు, జర చెయ్యి వెయ్యమన్నడు. 'ఇంటామెకు చెప్పినవా సారూ' అన్న. 'ఆమెకు చెప్తే కుండ అటక దిగుతదా రామీ, ఆమె చేనుకాడ ఉన్నప్పుడే దించాలె' అని నవ్విండు. కురవి ఈరన్న మీద ఒట్టు."

"మరి వారం దినాల సంది చెప్పవేందే?"

"నన్నెవలడిగిన్రు? మీకు మీరే చెప్పుకుంటిరి, మీకు మీరే ఇంటిరి."

ఆ మాట భద్రమ్మకు తగిలింది గాని తుడుచుకున్నది. సగం పెరుగు కొన్నది, రామిని పంపింది. ఆదివారం పొద్దెక్కినంక కొంగు దోపుకొని, ఏండ్ల తర్వాత మొదటిసారి కొమురమ్మ గడప తొక్కింది.

కొమురమ్మ చాటల జొన్నలు పోసుకొని రాళ్ళు ఏరుతున్నది. పక్కకు ఒక చిన్న సంచి. ఇంట్ల ఇంకే గింజా కనపడలే. తలెత్తకుండనే అన్నది, "ఏందక్కా, ఇయ్యాల గోడ మీంచి సక్కగ కనపడుతలేదా?"

"నడుము వంగినా నోరు వంగలే నీకు."

"నీళ్ళు మోసేది నడుముతోటి. నోటితోటి కాదు."

"రామి చెప్పింది" అన్నది భద్రమ్మ. "నువ్వు చేన్ల ఉన్నప్పుడు నీ మొగడు నీకు చెప్పకుండ కుండ ఎత్తిండట."

కొమురమ్మ చెయ్యి ఆగలే. ఒక రాయి ఏరి వాకిట్లకు విసిరింది.

"మరి ఆ దినమే అంటె ఏం పోయె? గోడ మీద ద్రోహి అని రాసిన్రు. నేను పైపు మూసిన. పిల్లను బతుకమ్మ ఆడనియ్యలే. మొగడు ఎనుక నిలబడి చెప్పులు చూసుకుంటుంటె, ముంగట నిలబడి నువ్వు తిట్లు తిన్నవు. అంత ప్రేమనా ఆయన మీద?"

"ప్రేమ!" అన్నది కొమురమ్మ, నోట్లె రాయి పడ్డట్టు.

"నన్ను ఎక్కిరించకు. నువ్వు మైకు కాడికి రాలేదని పరశురాములు బయలెల్లిండు, ఇంకో గడియల పైపు పీకుతడు. నేను పోయి నిజం చెప్తె పీకడు. నీకు నీళ్ళొస్తయి, గోడ కడిగిపిస్త. కాని నాకు తెలువాలె. ఎందుకు చెప్పలే?"

కొమురమ్మ అప్పుడు చాట దించి భద్రమ్మ మొఖంలకు చూసింది.

"చెప్తె ఏమైతదో నీకెరుక లేదా? తెలంగాణ కోసం ఇల్లు ఊడ్చిచ్చిండు, పెండ్లాన్ని గూడ అడగలేదు, మొగోడంటె గిట్లుండాలె అందురు. అన్నం చేదైన సంగతి మర్చి అందరు చప్పట్లు గొడుదురు, నువ్వు గూడ గొడుదువు. ఆ చప్పట్లు ఒక్కసారి ఇన్నడంటె, రేపు ఈ జొన్నల సంచి గూడ భుజానికెత్తుకుంటడు మా ఇంటాయన. మీరు నన్ను తిడితె నా ఇంట్ల గింజ తరుగదక్కా. తిట్టున్రి."