ఇరవై అయిదో లైను

బ్రెయిలీ ప్రెస్సులో ఆమెను అందరూ అత్త అనే పిలుస్తారు. అలా పిలిచే హక్కు నిజానికి ఒక్కరికే ఉంది, ఆమె తమ్ముడి కూతురికి. ఆ పిల్ల చిన్నప్పుడు సెలవుల్లో ప్రెస్సుకు వచ్చి, కాగితం కట్టల మధ్య "అత్తా, అత్తా" అంటూ వెంట తిరిగేది. విని విని బైండర్లు, గోడౌన్ వాళ్ళు, చివరికి ఆమెకన్నా ఆరేళ్ళు పెద్దవాడైన మేనేజరు కూడా ఆ పిలుపే అందుకున్నారు.

అత్తకు తొమ్మిదో ఏట జ్వరం తగిలి చూపు పోయింది. పదకొండో ఏట వేళ్ళతో చదవడం నేర్చుకుంది. ఇరవై దాటగానే ఈ ప్రెస్సులో కాగితాలు దొంతర పెట్టే పనిలో చేరింది, తర్వాత ప్రూఫులు చదివింది. పదిహేనేళ్ళుగా కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చుని, మామూలు పుస్తకాన్ని బ్రెయిలీలోకి మార్చి, కాగితం మీద చుక్కలు గుచ్చే ప్రింటరుకు పంపుతోంది. మౌసు ముట్టుకోదు. అన్నీ కమాండ్లే. ఒక లైను కొడుతుంది, కంప్యూటరు ఒక లైను జవాబిస్తుంది, ఆ జవాబును ఇయర్‌ఫోన్లో ఒక గొంతు చదివి వినిపిస్తుంది. ఆ గొంతును ఆమె ఎంత వేగంగా పెట్టుకుందంటే, పక్కవాళ్ళకు అది రేకు మీద గులకరాళ్ళు పోసినట్టు వినిపిస్తుంది తప్ప ఒక్క ముక్క అర్థం కాదు.

"మీ అత్తకి కళ్ళు లేవని ఎవరన్నారో గానీ, నేను మెట్లెక్కే చప్పుడు బట్టి జేబులో ఏముందో చెప్పేస్తుంది," అంటాడు ఆమె భర్త, ఆ తమ్ముడి కూతురితో. ఆయన బస్సు డ్రైవరు. "ఇరవై ఏళ్ళ కాపురంలో ఒక్క అబద్ధం ఆడనిచ్చింది కాదు."

ఆ కమాండ్ల ప్రోగ్రామును రాసింది ఒక లెక్కల మాస్టారు. బడి అయ్యాక సాయంత్రాలు వచ్చి, అత్త పక్కన కుర్చీ వేసుకుని, ఆమె చెబుతుంటే రాసేవాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాడు. మొదటి ఇటుక నుంచీ తనే కట్టకుండా, కమాండ్లతో నడిచే ప్రోగ్రాముల కోసం ఎవరో కట్టి ఉంచిన ఒక ఫ్రేమ్‌వర్క్‌ను తీసుకుని దాని మీద కట్టాడు. కమాండును అందుకోవడం, తప్పు కొడితే చెప్పడం, సెట్టింగులు చదవడం లాంటి చాకిరీ ఆ ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటుంది. అసలు పని మాత్రం మాస్టారు రాసినది. ఆయన చనిపోయి ఎనిమిదేళ్ళయింది. ప్రోగ్రాము మాత్రం నడుస్తూనే ఉంది.

ఈ ఏడాది కంప్యూటరు మొరాయించింది. కొత్తది తెచ్చారు. కొత్తదాంట్లో ఉన్న పైథాన్ మీద ఆ ఫ్రేమ్‌వర్క్ పాత వెర్షన్ నిలబడదు. కొత్త వెర్షన్ ఉంది కానీ, మాస్టారి ప్రోగ్రాము దాని మీద ఒక్క అడుగు కూడా వేయలేదు. మేనేజరు చెడ్డవాడు కాదు. ఒక కంపెనీ దగ్గర రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ చూసి వచ్చాడు. అందులో అన్నీ బొమ్మల బటన్లే. అత్త ఇయర్‌ఫోన్లోని గొంతుకు ఆ బొమ్మలు చదవడం రాదు.

"మిమ్మల్ని తీసేసేది లేదు అత్తా. ముందు గదిలో ఫోన్ దగ్గర కూర్చుందురు గాని," అన్నాడు.

"ఫోన్ మోగితే ఎత్తడానికి నేనెందుకండీ," అంది అత్త. ఇంటికి వెళ్ళి తమ్ముడి కూతురికి ఫోన్ చేసింది.

మేనకోడలు ఒక పెద్ద కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా సెలవు పెట్టింది. శుక్రవారం మేనేజరు చూస్తాడు. సరిగ్గా నడిస్తే పై సోమవారం ఒకటో తరగతి పుస్తకాల అచ్చు అత్త చేతి మీదుగా మొదలవుతుంది. లేకపోతే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కాగితం మీద ఆయన సంతకం పెడతాడు.

పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు ఎలా మారాలో ఆ ఫ్రేమ్‌వర్క్ చేసినవాళ్ళు ఒక గైడు రాసి పెట్టారు. మేనకోడలు దాన్ని రెండుసార్లు చదివి పనిలోకి దిగింది. పాతదాంట్లో ప్రతి కమాండు నెత్తిన ఒక గుర్తు ఉండేది. కొత్తదాంట్లో ఆ గుర్తు పేరూ మారింది, దానికి చెప్పాల్సిన వివరాలూ మారాయి. పాతదాంట్లో జవాబు దానంతట అదే తెర మీదికి వచ్చేది. కొత్తదాంట్లో ఎవరి చేత చెప్పించాలో విడిగా రాయాలి, మరిచిపోతే పని జరుగుతుంది కానీ మాట రాదు. ఒకచోట సరిచేస్తే మూడుచోట్ల పగుళ్ళు తేలేవి. అన్నీ కలిపి నలభై ఒక్క కమాండ్లు.

ఆమె పనిచేసినంతసేపూ అత్త పక్క బల్ల దగ్గర ప్రూఫులు చదువుకుంటూ కూర్చుంది.

"ఎన్నయ్యాయే?"

"పంతొమ్మిది."

"నువ్వు కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకున్నప్పుడల్లా ఒకటి చెడిపోతోంది. కింద పెట్టుకో."

మేనకోడలు నవ్వి కాళ్ళు కింద పెట్టింది. అత్తకు ఎలా తెలిసిందని అడగలేదు. అత్త వెంట తిరిగి పెరిగినవాళ్ళు అది అడగరు.

గురువారం మధ్యాహ్నానికి నలభై ఒకటీ నడిచాయి. మేనకోడలు జాగ్రత్త గల మనిషి. ప్రెస్సులోని పాత కంప్యూటరు ఎప్పుడు ఆగిపోతుందో తెలియదని పాత ప్రోగ్రామును తన లాప్‌టాప్‌లోకి తెచ్చుకుంది. కొత్తదాన్నీ పక్కనే పెట్టి, ఒకే పాఠాన్ని రెండింటి చేతా మార్పించి, వచ్చిన రెండు ఫైళ్ళనూ చుక్క చుక్కా పోల్చింది. తేడా లేదు. ముప్ఫై పాఠాలు పోల్చింది. ఎక్కడా తేడా లేదు.

"అత్తా, అయిపోయింది. కొత్త కంప్యూటర్లో పెట్టాను. కూర్చో."

అత్త చేతులు తుడుచుకుని కూర్చుంది. ఒకటో తరగతి పాఠానికి ఎప్పటి కమాండు కొట్టింది. గొంతు గులకరాళ్ళు పోసింది. ప్రింటరు కదిలింది. దానిది పెద్ద చప్పుడు, ఒక్కో లైనుకు ఒక్కో దెబ్బ. మొదటి పేజీ బయటికి వచ్చింది. రెండో పేజీ సగంలో ఉండగా అత్త తల ఎత్తింది.

"ఇది చివర్లో ఊపిరి తీసుకోవట్లేదే."

"ఏది?"

"మిషను. పేజీ వదిలే ముందు ఒక్క క్షణం ఊరుకోవాలి. ఇది కొట్టుకుంటూ పోయి అలాగే వదిలేస్తోంది."

"కొత్త కంప్యూటరు కదా అత్తా, కాస్త వేగంగా పంపుతుంది."

"వేగం నాకు తెలుసులే. ఇది వేగం కాదు."

మేనకోడలికి కొంచెం ఉక్రోషం వచ్చింది. లాప్‌టాప్ తిప్పి చూపించబోయి, ఎవరికి చూపిస్తున్నానా అని ఆగింది. "ముప్ఫై పాఠాలు చుక్క చుక్కా పోల్చాను. ఒక్క తేడా కూడా రాలేదు. నీ చెవికి వినిపించింది నా లెక్కకు ఎందుకు దొరకదు?"

"నాకేం తెలుసు. నీ లెక్కని అడుగు." అత్త రెండో పేజీ అందుకుని, పై నుంచి కాక అడుగు అంచు నుంచి వేలు పెట్టింది. "ఇదిగో. ఇక్కడ లైను ఉంది. ఇక్కడ ఉండకూడదు. పాత కంప్యూటర్లో ఒక పేజీ తియ్యి."

పాతది ఎలాగో లేచింది. అదే పాఠం, అదే పేజీ. మేనకోడలు రెండు కాగితాలూ వెలుతురుకు పెట్టి, చుక్కల వరసలు వేలితో లెక్కపెట్టింది. కొత్తదాంట్లో ఇరవై అయిదు లైన్లు. పాతదాంట్లో ఇరవై నాలుగు, అడుగున ఒకటి ఖాళీ.

ఆ ఒక్క ఖాళీ లైను దగ్గర ప్రింటరు ఏమీ కొట్టకుండా కాగితాన్ని ఒక మెట్టు జరుపుతుంది. పక్క గదిలో బైండింగు మిషను రొద, చెవిలో గులకరాళ్ళు, వీధిలో హారన్లు. అన్నింటి మధ్యా అత్త విన్నది ఆ కొట్టని దెబ్బను. మేనకోడలు రెండు కాగితాలనూ మళ్ళీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. ఆమె కంపెనీలో ఇలాంటి తేడాలు పట్టుకోవడానికి ఒక గదినిండా మనుషులున్నారు. వాళ్ళు కూడా ఉన్న తప్పును పట్టుకుంటారు గానీ, లేకుండా పోయిన నిశ్శబ్దాన్ని పట్టుకున్నవాళ్ళను ఆమె చూడలేదు.

"ఏమైందే? మాట్లాడవేం?"

"ఏం లేదత్తా. తప్పు నాదే."

ఎక్కడ పొరబడిందో అప్పటికే తోచింది. పాత ప్రోగ్రాముకు ఒక సెట్టింగుల ఫైలు ఉండి ఉంటుంది. అది పాత కంప్యూటరులోనే ఏదో మూల ఉంది. లాప్‌టాప్‌లోకి ఆమె తెచ్చుకున్నది ప్రోగ్రామును మాత్రమే. అక్కడ పాతదీ కొత్తదీ రెండూ ఆ ఫైలు లేకుండానే నడిచాయి, అందుకే రెండూ ఒక్కలాగే తప్పాయి. పైగా కొత్త వెర్షన్ సెట్టింగుల ఫైలును వేరే చోట, వేరే పేరుతో వెతుకుతుంది. దొరక్కపోతే నోరెత్తదు. తనకు తెలిసిన మామూలు లెక్కలతో పని కానిచ్చేస్తుంది. గైడులో ఆ మాట ఉంది. రెండుసార్లు చదివింది, రెండుసార్లూ దాటిపోయింది.

ఫైలు దొరికింది. పది లైన్లు ఉంటాయనుకుంది. మూడు వందల పన్నెండు ఉన్నాయి. ప్రతి సెట్టింగు పైనా ఒక వివరణ. కంప్యూటరు చదవదు, మనుషుల కోసం రాసుకునేది.

మొదట్లోవి మాస్టారు రాసినవి. ఆయన అత్తను చెల్లెమ్మ అనేవాడు. 'ఒకటి, రెండు తరగతులు: పేజీ అడుగున ఒక లైను ఖాళీ. పిల్లల వేళ్ళు అంచు దాటి జారిపోతున్నాయి. చెల్లెమ్మ బడికి వెళ్ళి, చదివే పిల్లల చేతుల మీద చెయ్యి పెట్టి నాలుగు రోజులు కూర్చుంది.' దాని కింద: 'వానలప్పుడు చుక్క ఒత్తిడి ఒక మెట్టు ఎక్కువ. కాగితం చెమ్మకు చుక్క అణిగిపోతోందని చెల్లెమ్మ అంది. నాకు తెలియలేదు. నెల తర్వాత పుస్తకాలు తిరిగొచ్చాయి.' ఇంకా కింద: 'కూడిక లెక్క రెండు పేజీల మీద విరగకూడదు. లెక్కల మాస్టారినై ఉండి ఇది నాకు తోచలేదు.'

ఒకచోట ఒక మెకానిక్ గురించి ఉంది. నలభై ఆరో ఏట చూపు పోయినవాడు. పనిచేసి చేసి వేళ్ళు మొద్దుబారాయి. ఆయన పుస్తకాలకు మాత్రం లైనుకూ లైనుకూ మధ్య ఒక లైను వదలాలి. నేర్చుకున్నాక ఇది తీసేయాలి. దాని కింద రెండేళ్ళ తర్వాతి తేదీతో: 'తీసేశాను. మామూలు పుస్తకం చదువుతున్నారు.' ఆ సెట్టింగు ముందు ఒక గుర్తు పెట్టి దాన్ని నిద్రపుచ్చారు గానీ చెరిపేయలేదు.

నూట డెబ్భయ్యో లైను దగ్గర రాత మారింది. 'మాస్టారు పోయారు. ఇక్కడి నుంచి నేను.' ఆ తర్వాత అన్నీ పొట్టి పొట్టి వాక్యాలు. 'శీర్షిక పేజీ చివర ఒంటరిగా వద్దు.' 'ఈ రకం కాగితానికి ఒత్తిడి తగ్గించాలి, చిల్లు పడుతోంది.' 'ఈ బడి పిల్లలకు పేజీ నంబరు పైన కావాలట.' ఎనిమిదేళ్ళ రాత. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

"అత్తా, ఇవన్నీ నువ్వే రాశావా?"

"ఏవీ?"

"సెట్టింగుల ఫైల్లో."

"ఓ, అదా." అత్త ఇయర్‌ఫోన్ తీసింది. "రాసుకోకపోతే ఎందుకు పెట్టామో మర్చిపోతాం కదా. ఎక్కువైపోయాయా? అక్కర్లేనివి తీసెయ్."

"ఒక్కటి కూడా తియ్యను."

మేనకోడలు ఆ సాయంత్రం మూడు వందల పన్నెండు లైన్లనూ కొత్త వెర్షన్ అడిగే పద్ధతిలోకి మార్చింది. నిద్రపోతున్న మెకానిక్ సెట్టింగుతో సహా. తన చేత్తో ఒక్కటే కొత్తగా కలిపింది: ఆ ఫైలు దొరక్కపోతే ప్రోగ్రాము ముందుకు కదలకూడదు, ఫైలు లేదని గట్టిగా చెప్పి ఆగిపోవాలి. తర్వాత లాప్‌టాప్ జోలికి పోకుండా, పాత కంప్యూటరునూ కొత్త కంప్యూటరునూ ముఖాముఖి పెట్టి ముప్ఫై పాఠాలూ మళ్ళీ పోల్చింది.

శుక్రవారం పదింటికి మేనేజరు వచ్చాడు. చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది.

"ఏం అత్తా, మన బండి కదులుతుందా?"

"కూర్చోండి," అంది అత్త.

కమాండు కొట్టింది. ఒకటో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠం, పదకొండు పేజీలు. ప్రింటరు కొట్టింది, అడుగున ఆగింది, పేజీ వదిలింది. మేనేజరుకు ఆ ఆగడం వినిపించలేదు. మేనకోడలికి ఈసారి వినిపించింది, చెవి రిక్కించి కాచుకుని ఉంది కాబట్టి.

పేజీలన్నీ వచ్చాక అత్త చదవడం మొదలుపెట్టింది. కుడిచేతి వేలు లైను చివరికి చేరకముందే ఎడమచేతి వేలు కింది లైను మొదలు వెతికి పట్టుకుంటోంది. రెండు చేతులూ ఒకదానికొకటి పని అందించుకుంటున్నట్టు పోతున్నాయి. మేనేజరు కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ గది ముందు నుంచి నడుస్తున్నాడు గానీ, కూర్చుని ఆమె చదవడం ఇంతసేపు చూసింది లేదు. కాగితం మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఏడో పేజీలో ఒక తప్పుంది," అంది అత్త.

మేనకోడలు ముందుకు వంగింది. "లైన్లా?"

"లైన్లు బాగానే ఉన్నాయి. రెండు బాతులకి ఎన్ని కాళ్ళు అని అడిగి, జవాబు ఎనిమిది అని వేశారు. ఇది నీ ప్రోగ్రాముది కాదు, పుస్తకం రాసినాయనది. ఎలాంటి బాతుల్ని చూశాడో పాపం."

మేనేజరు పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగాక, "సరిచేయించి పంపమంటాను. మిగతాదంతా సరేనా అత్తా?" అన్నాడు.

"ఇంకా నాలుగు పేజీలున్నాయి కదండీ."

ఆయన ఆ నాలుగు పేజీలూ కూర్చున్నాడు. అత్త ఆఖరి పేజీ అడుగున, ఏమీ లేని చోట వేలు ఒకసారి అటునుంచి ఇటు జరిపి, కాగితం బల్ల మీద పెట్టింది.

"సరే," అంది.

ఆయన లేచాడు. "అయితే సోమవారం మొదలుపెట్టండి. ఆ కంపెనీవాళ్ళకి నేను చెప్పుకుంటాను." సంతకం లేని కాగితాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మేనకోడలు ఆఖరి పేజీ అందుకుని, కళ్ళు మూసుకుని వేలు ఆనించింది. ఇసక తగిలినట్టు తగిలింది. ఒక చుక్క ఎక్కడ ఆగి ఇంకో చుక్క ఎక్కడ మొదలైందో కూడా అంతు పట్టలేదు. మళ్ళీ మొదటి నుంచి జరిపింది. అదే ఇసక. కళ్ళు తెరిచి చూస్తే అత్త అప్పుడే రెండో పాఠం కమాండు కొట్టేస్తోంది, ఆ వేళ్ళతోనే.

"ఏమే, నిలబడి నన్నేం చూస్తున్నావ్," అంది అత్త ఇటు తిరక్కుండానే. "కాగితం అయిపోవచ్చింది. కొత్త కట్ట విప్పు."