తోడు వెళ్ళేవాళ్ళు తాకకూడదు

షెడ్డు తలుపు తీయగానే దేవదారు చెక్క వాసన, ఆ వెనకాలే తుపాకీకి పూసే నూనె వాసన గుప్పుమని వచ్చి, ముప్పై దాటిన నన్ను తొమ్మిదేళ్ళ పిల్లని చేసేశాయి. పోయిన శనివారం సంగతి ఇది. కమ్మింగ్‌లో మా పక్కింటి వాల్టర్ తాతగారు కిందటి నెలలో పోయారు. ఆయన కూతురు ఎలెన్ ఆంటీ ఇల్లు ఖాళీ చేస్తూ, మా నాన్నకి ఇవ్వాల్సింది ఒకటుంది, ఇద్దరూ రండని ఫోన్ చేసింది. వాళ్ళ డ్రైవ్‌వేలో అడుగుపెట్టిన నాన్న, రెండు చేతులూ జాకెట్ జేబుల్లో పెట్టుకుని అక్కడే ఆగిపోయారు. నేనొక్కదాన్నే షెడ్డు దాకా వెళ్ళాను. గోడకి కొట్టిన మేకుకి చిన్న నారింజ రంగు వెస్టు ఒకటి వేలాడుతోంది. అది నాది.

మేము ఆ వీధిలోకి వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాన్నది హెచ్ వన్ బీ, అమ్మదీ నాదీ ఆయన వెనకాల వచ్చిన, ఉద్యోగం చెయ్యడానికి వీల్లేని డిపెండెంట్ వీసాలు. అక్టోబర్ వచ్చిందంటే ఓక్ చెట్ల కాయలు మా ఇంటి కప్పు మీద టపటపా రాలుతుండేవి. వాటిని గౌను నిండా ఏరుకొస్తే, అమ్మ వాటితో నాకు గచ్చకాయలాట నేర్పింది. కింద కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని, ఎగరేసిన కాయ కిందపడేలోగా మిగతావి ఊడ్చి పట్టే ఆ ఆటలో అమ్మ చేతిని నేను ఒక్కసారి కూడా గెలవలేదు. ఎమ్మెస్సీ చదివి, నాలుగేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషికి ఇక్కడ పగలంతా ఆ పనే ఉండేది మరి. పక్కింటి వరండాలో వాల్టర్ తాతగారు ఉయ్యాల కుర్చీలో కూర్చుని పెకాన్ కాయలు పగలగొడుతూ, ఒకటి తను తిని ఒకటి నాకు ఇచ్చేవారు. అమ్మ వాటిని బెల్లం పాకంలో వేసి ఉండలు చేసి పంపితే, పళ్ళకి అంటుకుంటున్నాయని తిట్టుకుంటూనే డబ్బా ఖాళీ చేసేవారు. ఆయన్ని తాతగారూ అని పిలవమన్నది అమ్మే. ఆ మాటకి అర్థం చెప్పిన రోజు ఆయన ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నారు.

నవంబర్‌లో ఆయన జింకల వేటకి వెళ్ళేవారు. భార్య పోయింది, మోకాళ్ళు అరిగాయి, వేరే రాష్ట్రంలో ఉన్న ఎలెన్ ఆంటీకి ఆయన ఒంటరిగా అడవిలో పడిపోతారేమోనని బెంగ. శనివారాల్లో ఊరికే తోడు వెళ్ళగలరా అని ఆవిడ నాన్నని అడిగింది. బొద్దింకని కూడా చంపకుండా చేటలోకి ఎత్తి బయట వదిలే మా నాన్నని.

"పెద్దాయన, కాదంటే ఏం బావుంటుంది?" అన్నారు నాన్న. నేనూ వస్తానని మూడు రోజులు అన్నం దగ్గర అలిగి సాధించుకున్నాను.

వెళ్ళేముందు నాన్న వేట నియమాల పుస్తకం తెచ్చి నాచేత పైకి చదివించారు, ఒకటికి మూడుసార్లు. లైసెన్సు లేనివాళ్ళు వేటగాడి వెంట వెళ్ళొచ్చు, పక్కన కూర్చోవచ్చు, చూడొచ్చు. అంతే. తుపాకీ పట్టుకోకూడదు, జింకని అదిలించి ఆయన వైపు తోలకూడదు, దాన్ని పిలిచే ఈల ఊదకూడదు. ఇది చాలదన్నట్టు నాన్న ఆఫీసులో వీసాలు చూసే లాయర్ని కూడా అడిగి వచ్చారు. వీసా మీద ఉన్నవాళ్ళు వేట లైసెన్సు లేకుండా ఒక్క నిమిషం తుపాకీ పట్టుకున్నా పెద్ద నేరమేనట, గ్రీన్ కార్డ్ అక్కడితో సరి అన్నాడట. ఆ లైసెన్సేదో మీరూ తీసుకోవచ్చు కదా, క్లాసుకి వెళ్ళి కాస్త ఫీజు కడితే ఇస్తారట అంది అమ్మ.

"తుపాకీల కాగితాల మీద మన పేరెందుకే? గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఎందులోనూ మన పేరు లేకపోతేనే సేఫ్."

"మరింకేం, మీదీ నా వీసా లాంటిదే అయింది. పక్కన కూర్చోవచ్చు, దేనిమీదా చెయ్యి వెయ్యకూడదు," అని అమ్మ గిన్నెలు తోముకోవడానికి లేచింది. ఆ లైసెన్సు కాగితమే నాన్నని కాపాడేదని మాకు అప్పుడు తట్టలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మొదటి శనివారం వాల్టర్ తాతగారు మమ్మల్ని వాసన చూసి వెనక్కి పంపేశారు. మా జాకెట్ల నిండా ఇంగువ పోపు వాసన, మైలు దూరంలో ఉన్న జింక కూడా పారిపోతుందన్నారు. అప్పటినుంచి మా జాకెట్లు, నాకోసం ఆయన కొన్న నారింజ వెస్టు వారమంతా ఆయన షెడ్డులో దేవదారు చెక్కల మధ్య వేలాడేవి. అమ్మ పోపు లేని ఉప్మా కట్టి ఇచ్చేది. అంత చప్పటి తిండి నా జన్మలో మళ్ళీ తినలేదు. అడవిలో ఆకుపచ్చ గుడ్డ గూడారంలో ముగ్గురం మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా కూర్చునేవాళ్ళం. దగ్గకూడదు, తుమ్మకూడదు, వేలు పెట్టి చూపించకూడదు. చలికి ముక్కు కారుతున్నా పైకి పీల్చకూడదు, కాళ్ళు తిమ్మిరెక్కినా కదపకూడదు. ఒకసారి నా వైపున్న సందులోంచి ఒక ఆడజింక, పిల్లని వెంటేసుకుని, తడి ఆకుల మీద చప్పుడు లేకుండా నడిచిపోవడం చూశాను. తాతగారు అటు చూడటం లేదు. చెబితే తప్పు, చెప్పకపోతే ఊపిరి ఆడటం లేదు. అది చెట్ల వెనక్కి వెళ్ళేదాకా వెస్టు అంచు కొరుకుతూ కూర్చున్నాను.

దీపావళి వెళ్ళిన శనివారం, జేబులో అమ్మ చేసిన చేగోడీలతో తిరిగి వస్తున్నాం. దారిలో ఒక ముళ్ళ కంచె దాటాలి. అక్కడ తాతగారికి ఒక పద్ధతి ఉండేది. తుపాకీలో గుళ్ళు తీసేసి, దాన్ని కంచె కిందనుంచి అవతలికి నేలమీద తోసి, తర్వాత ఆయన దాటేవారు. ఆ రోజు తుపాకీ ఇంకా చేతిలో ఉండగానే కాలు జారి, ప్యాంటు తీగకి చిక్కుకుని, ఆయన ఒక మోకాలి మీద కూలబడ్డారు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళ చేతిలో బరువు కనిపిస్తే మనసు ఆలోచించేలోపే చెయ్యి ముందుకు పోతుంది. బస్టాండులో ముక్కూమొహం తెలియని ముసలాయన సంచీ అయినా అంతే. నాన్న వంగి, ఒక చేత్తో ఆ తుపాకీ అందుకుని, ఇంకో చేత్తో ఆయన్ని లేపారు.

అప్పుడే మలుపులోంచి వేట నియమాలు చూసే ఆఫీసర్ వచ్చాడు. నాన్న తుపాకీని నేలమీద పెట్టేశారు గాని, ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాతగారు తన లైసెన్సు చూపించారు. నీది ఏది అని ఆఫీసర్ నాన్నని అడిగాడు. లేదు, ఊరికే తోడు వచ్చానని నాన్న సగం తెలుగులో సగం ఇంగ్లీషులో గొణిగారు. దూరంనుంచి సరిగా కనబడలేదేమో, ఆఫీసర్ నా ఎదురుగా గొంతుకూర్చున్నాడు. మీ నాన్న గానీ ఆ తుపాకీ పట్టుకున్నాడా అమ్మా అని మెత్తగా అడిగాడు.

నియమాల పుస్తకం మూడుసార్లు చదివింది నేను. నిజం చెప్తే ఏమవుతుందో ఆ ముగ్గురిలో ఎవరికన్నా నాకే బాగా తెలుసు. "లేదు, తాతగారి దగ్గరే ఉంది" అన్నాను. ఆఫీసర్ నా కళ్ళల్లోకి చూశాడు. తర్వాత లేచి, అలాగే ఉండాలి, ఎప్పుడూ అలాగే ఉండాలి అని నాన్నతో చెప్పి వెళ్ళిపోయాడు. తాతగారు నా తల నిమిరి, ఈ పని నీ మీద పడకుండా ఉండాల్సింది, తప్పు నాది అన్నారు. ఇంటికొచ్చాక చేగోడీలు చూస్తే జేబులో పొడి అయిపోయి ఉన్నాయి.

ఆ తర్వాత నాన్న మళ్ళీ వెళ్ళలేదు. తాతగారు తలుపు కొడితే జ్వరమనీ, ఆఫీసు పనుందనీ నాచేత చెప్పించేవారు. అబద్ధాలు నాకు అలవాటయ్యాయి. మరుసటి ఏడు ఒక శనివారం తాతగారి ట్రక్కు ఒంటరిగా వెళ్ళడం నాన్నా నేనూ కర్టెన్ వెనకనుంచి చూశాం. ఆ కంచె దగ్గరే ఆయన పడి, తుంటి విరిగి, ఎవరో చూసేదాకా మధ్యాహ్నం వరకు చలిలో పడి ఉన్నారు. ఆసుపత్రికి అమ్మ ఉండలు పట్టుకెళ్ళింది. నాన్న పార్కింగ్ దాకా వచ్చి కార్‌లోనే కూర్చున్నారు.

ఇప్పుడు నాన్న ఈ దేశ పౌరుడు. ఆ అడవిలో ఇళ్ళు లేచాయి, కంచె లేదు. వాల్టర్ తాతగారు లేరు. ఇంకొకటి కూడా పోయింది, దాన్ని నేను ఒక్కదాన్నే గమనించాను. గుడి మెట్ల దగ్గరైనా, కాస్ట్కో కొట్లో అయినా ఎవరి చేతిలో ఎంత బరువున్నా నాన్న చేతులు ముందుకు రావు, జేబుల్లోకి పోతాయి. కొత్తవాళ్ళు ఆయన్ని పొగరుమోతు అనుకుంటారు. అనుకోనీ.

ఎలెన్ ఆంటీ లోపలినుంచి ఒక పెద్ద అట్టపెట్టె ఎత్తుకుని, ఒగురుస్తూ వరండా మెట్లు దిగి వచ్చింది. ఆవిడకీ అరవై దాటాయి. ప్రతి నవంబర్‌లో మీ ఇద్దరి జాకెట్లకీ మా నాన్న కొత్త దేవదారు చెక్కలు మార్చేవాడు, మొన్నటిదాకా మార్చాడు అంది. పెట్టె నిండా ఆ చెక్కలే, పైన నాన్న పాత జాకెట్ మడత పెట్టి ఉంది. ఆవిడ పెట్టెని నాన్న వైపు చాచింది. బరువుకి ఆవిడ చేతులు వణుకుతున్నాయి.

నాన్న జేబుల్లోంచి చేతులు తీశారు, కానీ చాచలేదు. నా వైపు తిరిగి, తొమ్మిదేళ్ళ పిల్లని అడిగినట్టే అడిగారు.

"పట్టుకోవచ్చా అమ్మా?"