త్యాగమూర్తి ఫ్లెక్సీ

తమ్ముడికి రెండు కిడ్నీలూ చెడిపోయాయని తెలిసిన వారానికే మా పెద్దన్న దేవరుప్పుల చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించాడు. "తమ్మునికి కిడ్నీ దానం చేస్తున్న త్యాగమూర్తికి శుభాకాంక్షలు" అని రాయించి, మధ్యలో తెల్లచొక్కాతో దండం పెడుతున్న తన బొమ్మ వేయించుకున్నాడు. తమ్ముడి బొమ్మ ఓ మూలకు, తపాలా బిళ్లంత. పరీక్షల మాట అటుంచి, అప్పటికి ఆయన దవాఖాన గడపే తొక్కలేదు.

తమ్ముడు రోజు విడిచి రోజు జనగామ వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఎవరో ఒకరు కిడ్నీ ఇవ్వకపోతే అదీ ఎక్కువ కాలం సాగదని డాక్టరు చెప్పేశారు. అన్న మాత్రం ఏ పెళ్లికెళ్లినా శాలువాలు కప్పించుకుంటూ తిరిగాడు. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు. చివరికి కన్నతల్లి, మా అవ్వ, పోరు పడలేక హైదరాబాదు వెళ్లాడు. డాక్టరు ఆయన్ని ఒక్కడినే లోపలికి పిలిచి తలుపు వేసుకున్నారు. అన్న బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు.

"ఏం జేస్తం చెల్లె, బ్లడ్డు గ్రూపు కలుస్తలేదట. దేవుడు నాకు గా రాత రాయలే."

నాకు నవ్వొచ్చింది. ఏ నాయకుడి పుట్టినరోజైనా రక్తదాన శిబిరంలో మొదటి మంచం ఆయనదే. ఆ శిబిరాల ఫ్లెక్సీల మీద తన పేరు పక్కన 'ఓ పాజిటివ్' అని కూడా వేయించుకుంటాడు. తమ్ముడిదీ ఓ పాజిటివే. ఇంట్లో అందరికీ తెలుసు, అయినా ఆయన్నే ఓదార్చారు. అవ్వయితే "పెద్దోడు పాపం ఎంత పరేషానైతుండో" అని కళ్లొత్తుకుంది. తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మా అత్తగారి ఊరు కురవి నుంచి నేను బయల్దేరాను. "నీ పాణం, నీ ఇష్టం" అన్నాడు మా ఆయన. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్నూ ఒంటరిగా కూర్చోబెట్టారు. ఒక్క కిడ్నీతో బతకొచ్చని, అయినా ఆపరేషన్ అన్నాక ప్రమాదం ఉంటుందని, ఆ తర్వాత ఏటా పరీక్షలు మానకూడదని చెప్పారు.

"ఇష్టం లేకపోతే ఇక్కడే చెప్పండమ్మా. మీవాళ్లకు 'సరిపడదు' అని మాత్రమే చెబుతాం. కారణం చెప్పం."

అన్న ఎలా బయటపడ్డాడో అప్పుడర్థమైంది. బ్లడ్డు గ్రూపు ముచ్చట ఆయన సొంత కవిత్వం. డాక్టరు తెరిచిపెట్టిన ఆ దారంటే నాకు గౌరవమే. ఇంటివాళ్ల బలవంతానికి లొంగి ఎవరూ కోత పెట్టించుకోకుండా కాపాడేది అదే. భయపడ్డందుకు అన్నను తప్పు పట్టను, నేనూ భయపడ్డాను. భయపడి కూడా ఆ ఫ్లెక్సీ విప్పించలేదు చూడండి, అందుకే ఆయనంటే నాకు అసహ్యం.

"ఇస్త సార్. నన్నెవ్వలు బలిమి జేస్తలేరు" అన్నాను.

బయట వరండాలో మా చుట్టాలంతా ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి అన్న లేచి ఎదురొచ్చాడు.

"ఏమైంది చెల్లె, కలిసిందా?"

"కలిసిందన్నా," అన్నాను, అందరికీ వినబడేలా. "నాది గూడ నీ గ్రూపే."